మహీంద్రా అండ్ మహమ్మద్

మన రోడ్ల మీద తిరిగే మహీంద్రా జీపుల కంపెనీకి పుట్టినప్పుడు పెట్టిన పేరు వేరు. 1945లో లూధియానాలో ఉక్కు వ్యాపారంగా మొదలైనప్పుడు అది మహీంద్రా అండ్ మహమ్మద్. జగదీశ్ చంద్ర మహీంద్రా, కైలాశ్ చంద్ర మహీంద్రా అన్నదమ్ములు. మూడో భాగస్వామి మలిక్ గులాం మహమ్మద్. దేశం రెండు ముక్కలయ్యాక గులాం మహమ్మద్ పాకిస్తాన్ వెళ్లి ఆ దేశపు మొదటి ఆర్థికమంత్రి అయ్యాడు. 1948లో ఇక్కడ కంపెనీ పేరు మహీంద్రా అండ్ మహీంద్రా అయింది. 'ఎమ్ అండ్ ఎమ్' అని అచ్చేసిన కాగితాలు అప్పటికే దండిగా ఉన్నాయి గనక ఆ అక్షరాలు చెడకుండా పేరు మార్చుకున్నారని చెబుతారు. కాగితాలు వృథా కాలేదు. మహమ్మద్ పోయాడు, ఎమ్ మిగిలింది.

గులాం మహమ్మద్ కోసం మేం కన్నీళ్లు పెట్టుకోబోవటం లేదు. ఆయన పెద్దమనిషి. కొంతకాలం నిజాం దగ్గర ఆర్థిక వ్యవహారాల్లో కొలువు చేశాడు. 1951లో పాకిస్తాన్ గవర్నర్ జనరల్ అయ్యాడు, 1954లో అక్కడి రాజ్యాంగ సభనే రద్దు చేసి పారేశాడు. అలాంటివాళ్లకు ఈ దేశమైనా ఆ దేశమైనా కుర్చీ దొరుకుతుంది. కుర్చీ లేనివాళ్ల సంగతి ఏమిటన్నదే మా ప్రశ్న. ఆయన అటు వెళ్లాక కూడా ఇటే ఉండి, ఆ కంపెనీ జీపుల కింద గోనెపట్టా పరుచుకుని వెల్లకిలా పడుకుని, కళ్లలో గ్రీజు పడుతుంటే నట్లు తిప్పిన మహమ్మద్‌లు ఎంతమంది! బానెట్ మీది రెండో ఎమ్‌ను ఇన్నాళ్లూ మోసింది వాళ్లే. వాళ్లను ఎవరూ భాగస్వాములని అనలేదు.

మాది అట్లా బండి కింద పడుకున్నవాళ్ల ఇల్లు. సూర్యాపేట వైపు, హైదరాబాద్-విజయవాడ రోడ్డు పక్కన మా అబ్బా షెడ్డు ఉండేది. మేం అన్నదమ్ములం ఇద్దరం ఆ షెడ్డులోనే పెరిగాం. ఒకరం పానా పట్టుకున్నాం, ఒకరం సుద్దముక్క పట్టుకున్నాం. ఇద్దరి చేతులూ ఒకే వాసన వేసిన కాలం మాకు గుర్తుంది. ఇప్పుడు మా ఇంటి వెనక వేపచెట్టు కింద అబ్బా పికప్ ఒకటి ఉంది. 1990ల నాటి మహీంద్రా. ముందు జీపు మూతి, వెనక ఇనుప తొట్టి, లోపల ఫ్రాన్సువాళ్ల ప్యూజో నమూనా మీద ఇక్కడే పోతపోసిన డీజిల్ ఇంజను. అబ్బా దాన్ని రెండో చేతి బండిగా కొని, గేరుబాక్సులూ ఇంజన్లూ వేసుకుని బెజవాడ ఆటోనగర్‌కు తిరిగాడు. ఆయన పోయాక అది కదల్లేదు. దాన్ని మేం ఇంటి దగ్గరే విప్పి, మళ్లీ నిలబెడుతున్నాం. మా ఇంటి పెద్దపిల్ల కోసం. ఆ పిల్లకు పదహారేళ్లు. పాలిటెక్నిక్‌లో ఆటోమొబైల్ డిప్లొమా చదువుతానంటోంది.

విన్నవాళ్లు ఒక్కొక్కరూ ఒక్కో మాటన్నారు. "ఆడపిల్లకు పికప్పా, జహేజ్‌లో ఇస్తారా ఏం?" అని మా చుట్టాలు నవ్వారు. "తుక్కుకు వేస్తే నాలుగు డబ్బులొస్తాయి, దీనిమీద ఇంకా పోస్తారెందుకు?" అని అభ్యుదయ మిత్రుడొకరు లెక్క చెప్పారు. లెక్క ఆయనదే కరెక్టు. కానీ మేం దాన్ని బండిగా మాత్రమే చూడటం లేదు.

చరిత్ర అనగానే మాకు చార్మినారు చూపిస్తారు. గోల్కొండ చూపిస్తారు. "ఎనిమిది వందల ఏళ్లు మీరే ఏలారు కదా, ఇంకేం కావాలి?" అంటారు. మా దాదా ఏలింది ఒక దొర మోటారు బండి స్టీరింగును. అదీ దొర వెనక సీట్లో లేనప్పుడే. నిజాం ముత్యాల లెక్క మాకు తెలియదు. పిస్టన్ రింగుల లెక్క తెలుసు. మాకు కోట లేదు గనక మా చరిత్ర వెతకాలంటే షెడ్డుకే పోవాలి. తాళం వేసిన ఇనప్పెట్టెలో అరిగిపోయిన పానాల మధ్య అది పడి ఉంది.

పానా అంటే గుర్తొచ్చింది. మా పిల్ల బండి విప్పటం మొదలుపెట్టిన రోజు నుంచి ఒక నోటుబుక్కులో పనిముట్ల పేర్లు రాసుకుంటోంది. స్క్రూడ్రైవరు, జాకీ, స్పానరు ఇంగ్లీషు. సుత్తి, సమ్మెట, దాగలి తెలుగు. పానా, బర్మా, కమాను మా అబ్బా నోటి మాటలు. మిస్త్రీ అన్నది పోర్చుగీసు వాళ్లతో ఓడల్లో వచ్చిన మాటట. ఒక్క బండి నాలుగు భాషల్లో విప్పాలి, నాలుగు భాషల్లో బిగించాలి. అసలు 'మరమ్మతు' అన్న మాటే అరబ్బీ. 'రవాణా' పారశీకం నుంచి ఉర్దూ మీదుగా తెలుగులోకి వచ్చింది. రాష్ట్ర ప్రభుత్వం బోర్డు మీద రవాణా శాఖ అని తెలుగులో రాసుకుంటుంది. ఆ మాటను ఎవరూ ఎక్కణ్ణుంచి వచ్చావని అడగరు. మనిషినయితే అడుగుతారు.

మాటల్లో కమాను సంగతి కొంచెం విడిగా చెప్పాలి. బండి బరువును మోసే ఉక్కు ఆకుల కట్టను మన మెకానిక్కులు కమాను కట్ట అంటారు. కమాన్ అంటే విల్లు. మా అమ్మీ తరఫువాళ్లు దూదేకులవాళ్లు. వాళ్ల చేతిలో ఉన్నదీ విల్లే. విల్లు నారిని పత్తిలో పెట్టి మీటితే గింజా మట్టీ రాలిపోయి దూది పొగమంచులా లేస్తుంది. ఊరూరూ తిరిగి పరుపులు ఏకినవాళ్లు, కోస్తాలో నూర్‌బాషాలనీ, ఇంకో చోట పింజారీలనీ, లద్దాఫ్‌లనీ పిలిపించుకున్నవాళ్లు. పేరులోనే పని ఉన్న కులం. మసీదులో పక్కన నిలబడనిచ్చినా పిల్లనివ్వటానికి వెనకాడిన షేకులూ సయ్యదులూ మాలోనే ఉన్నారు. ఇస్లాంలో కులం లేదని సభల్లో చెప్పేదీ వాళ్లే. ప్రభుత్వం మాత్రం దూదేకులను బీసీ-బీ జాబితాలో పెట్టింది. మిగతా ముస్లిం వెనకబడిన వర్గాలకు బీసీ-ఈ కింద నాలుగు శాతం వచ్చింది 2007లో. దూది ఏకే యంత్రాలొచ్చాక మా నానా విల్లు గోడకెక్కింది. ఆయన హైవే మీది కమాన్ల దుకాణంలో సమ్మెట కొట్టే పనికి కుదిరాడు. విల్లు వదిలి కమాను పట్టాడు. మాట మారలేదు, పత్తి ఇనుమయింది.

ఇక మా దాదా వైపు కథ. మా జిల్లా నిజాం రాజ్యంలోది. 1932 జూన్‌లో నిజాం స్టేట్ రైల్వే కింద రోడ్డు రవాణా శాఖ మొదలైంది. 27 బస్సులు, 166 మంది సిబ్బంది. స్కాట్లండు నుంచి వచ్చిన ఆల్బియన్ బస్సులు. ఈ అంకెలు ఆర్టీసీ చరిత్ర ఎవరు రాసినా మొదటి పేజీలోనే ఉంటాయి. బస్సు నంబర్లలో జెడ్ అక్షరం నిజాం తల్లి జెహ్రా బేగం పేరు మీద వచ్చిందన్న ముచ్చటా ఉంటుంది. మంచి ముచ్చటే, మేమూ పిల్లలకు చెబుతాం. ఆ బస్సు కింద దూరిన ఖలాసీ తల్లి పేరు ఏ నంబరు పలకకూ ఎక్కలేదు.

రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో పెట్రోలు కరువై బొగ్గు బస్సులు వచ్చాయి. వెనక ఒక పొడుగాటి డ్రమ్ము, దాంట్లో బొగ్గు రాజేసి ఆ గ్యాసు మీద ఇంజను నడపాలి. బస్సు కదలాలంటే క్లీనరు పొద్దున్నే లేచి పంకా తిప్పుతూ కూచోవాలి. మా దాదా పని నేర్చుకున్నది ఆ బొగ్గు పొగలోనే, ఒక ప్రైవేటు బస్సు క్లీనరుగా. అక్కణ్ణుంచి దొర మోటారుకు డ్రైవరయ్యాడు. యుద్ధం అయిపోయాక మిలిటరీవాళ్లు వదిలించుకున్న అమెరికా జీపులూ లారీలూ వేలంలో బయటికొచ్చాయి. విడిభాగాలు దొరకవు, పుస్తకం లేదు, ఉన్నా ఇంగ్లీషు. చూసి విప్పటం, విప్పినవి వరసగా గోనెపట్టా మీద పేర్చుకోవటం, వెనక నుంచి ముందుకు బిగించుకు రావటం. మన దేశపు మోటారు మెకానిక్కులు చాలామంది చదివిన కాలేజీ అదే.

1948 సెప్టెంబరు 13 నుంచి 17 దాకా అయిదు రోజుల్లో హైదరాబాద్ రాజ్యం ముగిసింది. అంతకుముందు రజాకార్లు మా జిల్లాలో చేసిన దౌర్జన్యాలు నిజం. వాటిని దాచే పని మాకు లేదు. వాళ్లను ఎదిరించి రాసిన ఇమ్రోజ్ సంపాదకుడు షోయబుల్లా ఖాన్‌ను అదే ఏడాది ఆగస్టులో చంపింది కూడా వాళ్లే, ఆయనా ముసల్మానే. కానీ పోలీసు యాక్షన్ తర్వాత బదులు తీర్చుకున్నది ఎవరి మీద? కాశిం రజ్వీ జైల్లో ఉండి 1957లో విడుదలై పాకిస్తాన్ వెళ్లాడు. ఊళ్లల్లో దొరికింది రజాకారు అంటే ఏమిటో తెలియని సన్నకారు సాయిబులు. పండిట్ సుందర్‌లాల్ కమిటీ తిరిగి చూసి, తక్కువలో తక్కువ 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయారని అంచనా కట్టింది. ఆ నివేదిక జనం చదువుకునే వీలు 2013లో గాని రాలేదు. అరవై అయిదేళ్లు ఒక లెక్క బీరువాలో కూచుంది.

మా దాదా కొన్నాళ్లు కనపడకుండా తిరిగి, బెజవాడ చేరాడు. అప్పటికి ఆటోనగర్ లేదు, అది 1960లలో వచ్చింది. షెడ్లు ఊళ్లోనే రోడ్ల పక్కన ఉండేవి. అక్కడ ఎవరూ ఆయన్ని నిజాం మనిషివా అని అడగలేదట. "పంపు పని వచ్చా?" అని అడిగారట. ఈ మాట ఆయన చచ్చేదాకా చెప్పుకున్నాడు. ఉర్దూ దస్తావేజులు చదవగలిగినవాళ్ల కొలువులు పోయాయి, జాగీర్లు 1949లో రద్దయి వాటి చుట్టూ బతికిన నౌకర్లు రోడ్డున పడ్డారు. రిక్షా, బీడీ, తోలు, ఇనుము మిగిలాయి. అక్షరం పనికిరాకుండా పోయిన చోట పానా పనికొచ్చింది. అందుకే మా షెడ్లలో ఉస్తాదుకు అంత మర్యాద. అది మదర్సా, అదే ఐటీఐ, అదే అనాథాశ్రమం.

దాన్ని గురించి అంతా తియ్యగా చెప్పేవాళ్లంటే మాకు చిరాకు. ఏడేళ్ల పిల్లాణ్ణి తెచ్చి ఉస్తాదు చేతిలో పెట్టి "చర్మం మీది, ఎముకలు మావి" అని వెళ్లిపోయేవాళ్లు. మొదటి రెండు మూడేళ్లు జీతం లేదు. రెండు పూటలా తిండి, ఈదుకు ఒక జత బట్టలు. నట్టు సైజు తప్పు అందిస్తే అదే పానాతో వేళ్ల మీద దెబ్బ. పేరుతో పిలవరు, అందరూ 'ఛోటూ'లే. ముప్ఫయ్యేళ్లకు నడుం పోయేది, డీజిలు వాసనకు ఆకలి చచ్చేది. 6 నుంచి 14 ఏళ్ల లోపు ముస్లిం పిల్లల్లో నాలుగో వంతు మంది బడి మొహం చూడనివాళ్లో మధ్యలో మానేసినవాళ్లో అని 2006లో సచార్ కమిటీ రాసింది. మోటారు బళ్ల మరమ్మతు పనిలో ముస్లింల వాటా ఎక్కువన్న సంగతినీ ఆ కమిటీ చూపించింది. ఆ రెండూ వేరు వేరు పట్టికలు. షెడ్డులో అవి రెండూ ఒకే పిల్లాడు.

అయినా ఆ షెడ్డు మరొకటి కూడా నేర్పింది. దసరాకు లారీ ఓనర్లు గుమ్మడికాయ కొట్టేది మా షెడ్డు ముందే. నిమ్మకాయలు టైర్ల కింద పెట్టేది మా అబ్బా. పానాలకు కుంకుమ పెట్టి దణ్ణం పెట్టుకుంటే ఆ రోజంతా అట్లాగే ఉంచి, మర్నాడు నూనెగుడ్డతో తుడిచి పెట్టెలో సర్దేవాడు. ఇది మతసామరస్యమని ఆయనకు ఎవరూ చెప్పలేదు. గిరాకీ మర్యాద అనుకున్నాడు.

ఇక బండి సంగతి. వర్షాలకు ఏళ్ల తరబడి నిలబడి ఇంజను పట్టేసింది. హ్యాండిలు వేస్తే కదల్లేదు. నాజిళ్లు ఊడదీసి, ఆ రంధ్రాల్లోంచి డీజిలూ ఇంజనాయిలూ కలిపి పోసి వారం రోజులు ఆగాం. రోజూ సాయంత్రం పిల్ల ఒకసారి హ్యాండిలు మీద బరువు వేసి చూసేది. ఎనిమిదో రోజు అంగుళం కదిలింది. ఆ అంగుళం చూసి ఇంటిల్లిపాదీ బయటికొచ్చారు. హెడ్డు ఎత్తితే రెండో సిలిండరు గోడకు చారలు పడి ఉన్నాయి, రింగులు పిస్టను గాళ్లలో కరుచుకుపోయి ఉన్నాయి. 2112 సీసీ ఇంజను, ఒక్కో సిలిండరు అడ్డం 90 మిల్లీమీటర్లు. మేం చెప్పకుండానే ఆ పిల్ల వ్యాసార్థం వర్గం పెట్టి లెక్క కట్టింది, పిస్టను నడిచే దూరం 83 మిల్లీమీటర్లు ఉండాలని తేల్చింది. కొలిచి చూస్తే అంతే. మాలో పంతులుకు సంతోషమైంది, మెకానిక్కుకు కొంచెం అసూయ కూడా అయింది. అబ్బా ఈ ఇంజన్లు నలభై విప్పి ఉంటాడు, ఆ లెక్క ఆయనకు రాదు. కానీ హెడ్డు మీద చెవి ఆనించి ఏ సిలిండరు సరిగ్గా కొట్టటం లేదో చెప్పేవాడు. అది ఈ పిల్లకింకా రాదు.

బోరింగుకు బ్లాకును లేత్ షాపుకు తీసుకెళ్లాం. లేత్ ఆయన విశ్వబ్రాహ్మణుడు, అబ్బాను మామా అని పిలిచేవాడు. పిల్లను చూసి "మామ మనవరాలా" అని స్టూలు వేశాడు. రేకు పని చేసేవాళ్లు మాల క్రైస్తవులు, తండ్రీ కొడుకులు. క్యాబిన్ నేల మొత్తం తుప్పు తినేసి రోడ్డు కనపడుతుంటే, దాన్ని కోసి 18 గేజి రేకు పెట్టి వెల్డింగ్ చేశారు. వాళ్లలో కొడుకు ఆ పనిలోకి రావటం ఇష్టంలేక డిగ్రీ చదివి, ఉద్యోగం రాక మళ్లీ వచ్చినవాడు. మా పిల్ల ఈ పనిలోకి రావాలని చదువుతోంది. ఇద్దరూ ఒకరినొకరు వింతగా చూసుకున్నారు.

కమాన్ల దగ్గర మాత్రం చాలా రోజులు పట్టింది. వెనక కట్టలు బరువులు మోసి మోసి వంపు పోయి చదునైపోయాయి. యూ బోల్టులు కోసి, కట్టలు దించి, ఆకులు విడదీస్తే మధ్యలో రెండాకులు విరిగి ఉన్నాయి. విరిగి కూడా అన్నేళ్లు మిగతా ఆకుల ఒత్తిడిలో నిలబడి మోశాయి. వంపు మళ్లీ తేవాలంటే ఎర్రగా కాల్చకూడదు, కాలిస్తే ఉక్కుకున్న పదును పోతుంది. చల్లటి ఆకును దాగలి మీద పెట్టి, అంగుళం అంగుళం జరుపుతూ సమ్మెట వెయ్యాలి. నానా పని చేసిన దుకాణం ఇప్పుడు లేదు. ఆ రోడ్డు మీదే ఇంకొక దుకాణంలో ఒక ముసలాయన ఉన్నాడు, ఆయన సమ్మెట వేస్తూ ప్రతి దెబ్బకూ శబ్దం వినమన్నాడు. మంచి ఆకు మోగుతుంది, చీలిక ఉన్న ఆకు బొంగురుగా పలుకుతుంది. మా పిల్ల దుపట్టాను నడుముకు బిగించి పక్కన నిలబడి వింది. ఆడపిల్ల కమాన్ల దుకాణంలో ఏమిటని అక్కడున్నవాళ్లు అనుకునే ఉంటారు. మా ఆడవాళ్లు దూది ఏకారు, బీడీలు చుట్టారు, జర్దోసీ కుట్టారు, అన్నీ గడప లోపలే. ఇంటిని నడిపిన కష్టంలో సగం వాళ్లదే, బోర్డు మీద మాత్రం ఎప్పుడూ అండ్ సన్స్. ముస్లిం స్త్రీని ఉద్ధరిస్తామని బయటివాళ్లు బురఖా దగ్గరే ఆగిపోతారు, మావాళ్లూ బురఖా దగ్గరే ఆగిపోతారు. పానా ఇస్తే ఏమవుతుందో ఇద్దరూ చూడలేదు.

2025 ఏప్రిల్ 14న హర్యానాలోని హిస్సార్ సభలో ప్రధానమంత్రి మోడీ ఒక మాటన్నారు. వక్ఫ్ ఆస్తులను నిజాయితీగా వాడి ఉంటే ముస్లిం యువకులు సైకిలు పంచర్లు వేసుకుని బతికే గతి పట్టేది కాదని. వక్ఫ్ భూములను తిన్నవాళ్ల మీద మాకూ కోపమే, ఆ తిన్నవాళ్లలో మా పెద్దలూ ఉన్నారు. కానీ ఆ పంచర్ అన్న మాట అప్పటికే ఎన్నో ఏళ్లుగా మమ్మల్ని తిట్టటానికి వాడుతున్న మాట. మా పిల్ల క్లాసులో కూడా విన్నది. ఎండలో నీళ్ల తొట్టి ముందు కూచుని ట్యూబు తిప్పుతూ బుడగ ఎక్కడ లేస్తుందో చూసే పని తక్కువ పని ఎట్లా అయింది? పంచర్ వేసినవాడు లేకపోతే అర్ధరాత్రి హైవే మీద ఏ మతం బండైనా ఆగే ఉంటుంది. మా అభ్యంతరం ఆ పని మీద కాదు. ఆ పని తప్ప ఇంకోటి లేకుండా తలుపులు వేసి, తర్వాత ఆ పని చేస్తున్నారని నవ్వటం మీద.

కాగితాల బాధ ఇంకోటుంది. బండి అబ్బా పేరు మీద ఉంది, మా పేరు మీదకు మార్చాలి. ఆర్సీలో ఆయన పేరు 'ఎండి' అని మొదలవుతుంది. ఆధార్‌లో మొహమ్మద్. మరణ ధ్రువపత్రంలో మహ్మద్. మూడూ ఒకే మనిషని రుజువు చెయ్యమని ఒక ఆఫీసులో మమ్మల్ని నాలుగుసార్లు తిప్పారు. మహమ్మద్‌ను ఎండి అని కుదించింది మేం కాదు, ఎప్పుడో ఒక గుమాస్తా, ఫారంలో గడులు చాలక. లూధియానా కంపెనీలో ఒక ఎమ్ మిగిలింది, మా అబ్బాకు డి కూడా మిగిల్చారు, సంతోషించాలి.

మారిస్తే సరిపోదు. సరుకుల బండి గనక ఏటా ఫిట్‌నెస్ చేయించాలి. మా వైపు ఇప్పటికీ దాన్ని బ్రేకు చేయించటం అంటారు, వచ్చే అధికారి బ్రేకు ఇన్‌స్పెక్టరు. పిల్ల చేతికి స్టీరింగు ఇవ్వటానికి ఇంకా రెండేళ్లుంది. 2019లో మోటారు వాహనాల చట్టం సవరించాక, మైనరు బండి నడిపితే తండ్రికో గార్డియనుకో 25 వేల జరిమానా, మూడేళ్ల దాకా జైలు. మంచి చట్టమే. ఇంకెవరి పిల్లో నడిపితే జరిమానాతో పోతుందేమో గాని, మా పిల్ల నడిపితే ఆ వార్తకు శీర్షిక వేరేగా ఉంటుందన్న భయం కూడా మాకుంది. అందుకని ఇప్పటికి ఇంటి వెనక దొడ్లో ముందుకీ వెనక్కీ కూడా నడపనివ్వలేదు. విప్పటం, బిగించటం మాత్రమే.

పెయింటు వెయ్యాల్సి వచ్చినప్పుడు అసలు పేచీ మొదలైంది. అబ్బా బండి ముందు అద్దం పైన 786 ఉండేది. ఆయన కాలంలో ఆ రోడ్డు మీద సగం లారీలకు ముందు 786 ఒక పక్క, ఓం ఇంకో పక్క ఉండేవి. డ్రైవరు ఎవరో ఓనరు ఎవరో తెలిసేది, అంతే. ఇప్పుడు మళ్లీ రాయాలా?

2017 ఏప్రిల్ 1న పెహ్లూ ఖాన్ అనే పాల రైతు జైపూర్ సంతలో ఆవులు కొనుక్కుని, రసీదులు జేబులో పెట్టుకుని, పికప్‌లలో హర్యానాలోని తన ఊరికి వెళుతున్నాడు. కొడుకులు కూడా వెంట ఉన్నారు. రాజస్థాన్ అల్వర్ జిల్లా బెహ్రోర్ దగ్గర గోరక్షకులమన్నవాళ్లు బళ్లు ఆపి కొట్టారు. ఏప్రిల్ 3న ఆయన చనిపోయాడు. కొట్టటం వీడియోలో దేశమంతా చూసింది. 2019 ఆగస్టు 14న అల్వర్ కోర్టు ఆరుగురు నిందితులనూ అనుమానం లాభం ఇచ్చి వదిలేసింది. అది ఎక్కడో ఉత్తరాదిలో అని మాకు ధైర్యం చెప్పేవాళ్లున్నారు. పికప్ ఇక్కడ కూడా పికప్పే. తొట్టిలో గేదె ఉందా గేరుబాక్సు ఉందా అని చూడకముందే అద్దం పైన అంకె చూస్తారు.

అంకె వద్దని మాలో ఒకరం అన్నాం. రాయకపోతే భయపడ్డట్టని ఇంకొకరం అన్నాం. ధర్మం ప్రకారం ఆ అంకెకు ఆధారం లేదని, రాయకపోయినా తప్పులేదని మసీదు ఇమాం సాబ్ చెప్పారు. ఆయన చెప్పింది నిజమే కావచ్చు, మా పేచీ ఆ నిజం గురించి కాదు. పిల్ల అందరి మాటలూ విని, బానెట్ లోపలి వైపు రాయిద్దామంది. మూత ఎత్తి ఇంజను చూసేవాడికే కనపడుతుంది, బండి బాగుచేసేవాడు తెలుసుకుంటే చాలునంది. అమ్మీ ఒప్పుకోలేదు. ఆమె దూదేకుల ఇంటి మనిషి, తన పేరు ముందు ఏ షేకూ లేకుండానే డెబ్భయ్యేళ్లు బతికింది. "దాచిపెట్టేదానికి రాయటం దేనికే? రాస్తే మీ దాదా రాసిన చోటే రాయండి, లేదా మానుకోండి" అంది.

రెడ్ ఆక్సైడ్ పూసి ఉంచాం. లప్పం ఆరింది, గరుకు కాగితంతో ఒకసారి రుద్దాం. డోరు రబ్బర్లు ఇంకా రాలేదు, పంపు క్యాలిబ్రేషన్ నుంచి తిరిగి రావాలి. అద్దం పైన ఒక జానెడు జాగా పెయింటరు ఖాళీగా వదిలేశాడు. అక్కడ ఏం రాయాలో తేల్చి పెట్టండి, శుక్రవారం నమాజు అయ్యాక బ్రష్షులు తీసుకుని వస్తానన్నాడు.